లొంగిపొమ్మని శత్రువుకు వేసే కాగితం: యుద్ధంలో కరపత్రం ఎలా పనిచేస్తుంది, ఎక్కడ విఫలమవుతుంది

ఉక్రెయిన్‌లో డ్రోన్ వెనకాల చేతులెత్తి నడిచివస్తున్న రష్యన్ సైనికుల వీడియోలు కొన్నేళ్లుగా ఫోన్లలో తిరుగుతున్నాయి. అవి చూసినవాళ్లకు వచ్చే మొదటి సందేహం ఒకటే. పైనుంచి పడిన కాగితం చూసి, లేదా ఫోన్‌లో వచ్చిన సందేశం చదివి, తుపాకీ పట్టుకున్న మనిషి నిజంగా లొంగిపోతాడా? "అది ఉత్త చిత్తు కాగితం" అని కొందరు కొట్టిపారేస్తారు. "బాంబులు చేయలేని పని కరపత్రాలు చేశాయి" అని మరికొందరు రాస్తారు. ఏది ఎంతవరకు నిజమో తేలాలంటే ముందు ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని చూడాలి.

ఐజన్‌హోవర్ సంతకం చేసిన అభయపత్రం

రెండో ప్రపంచ యుద్ధంలో పశ్చిమ ఐరోపాలోని జర్మన్ సైనికుల మీద మిత్రరాజ్యాలు వేసిన కరపత్రాల్లో అన్నిటికన్నా పేరుపడ్డది 'పాసియర్‌షైన్'. శత్రువుల వరుస దాటి ప్రాణాలతో అవతలికి వెళ్లడానికి ఇచ్చే అభయపత్రం అది. ఇందులో చాలా రకాలు వచ్చాయి. జెడ్‌జీ 61 అనే సంకేతంతో వచ్చిన రకాన్ని 6 కోట్లకు పైగా అచ్చువేశారు. పైభాగంలో అమెరికా ప్రభుత్వ ముద్ర, బ్రిటిష్ రాజచిహ్నం. వెనక కరెన్సీ నోటు మీద ఉండేలాంటి సన్నటి అల్లిక గీతలు. కింద మిత్రరాజ్యాల సర్వసేనాని ఐజన్‌హోవర్ సంతకం. విషయం జర్మన్, ఇంగ్లీషు, ఫ్రెంచి భాషల్లో ఉంటుంది. సారాంశం ఇది: ఈ పత్రం పట్టుకొచ్చిన జర్మన్ సైనికుడు నిజాయితీగా లొంగిపోదలచాడు, అతని ఆయుధం తీసుకోండి, బాగా చూసుకోండి, అవసరమైతే తిండి, వైద్యం ఇవ్వండి, వీలైనంత త్వరగా ప్రమాద ప్రాంతం నుంచి తరలించండి.

ఇంత అట్టహాసం దేనికంటే, ముందు రకాల మీద సంతకం లేదు. పట్టుబడిన ఖైదీలను విచారిస్తే, ముద్రా సంతకమూ ఉన్న సర్కారీ కాగితాన్నే జర్మన్ సైనికుడు నమ్ముతాడని తేలింది. అందుకే దాన్ని ఆస్తి దస్తావేజులా తయారుచేశారు.

మూడు భాషలు ఎందుకన్నదే ఇందులో అసలు కీలకం. "తీసుకోండి, చూసుకోండి, తరలించండి" అన్న ఆ మాటలు ఎవరిని ఉద్దేశించినవి? జర్మన్ సైనికుడిని కాదు. ముందు వరుసలో తుపాకీ ఎక్కుపెట్టి నిలబడ్డ అమెరికన్, బ్రిటిష్, ఫ్రెంచి కాపలా సిపాయిలను. లొంగుబాటు కరపత్రానికి ఎప్పుడూ ఇద్దరు పాఠకులుంటారు. రెండోవాడు ఆ మాట నిలబెట్టకపోతే మొదటివాడు నమ్మడు. ఈ అంశంలో ఎదురయ్యే చిక్కుల్లో చాలావరకు ఇక్కడినుంచే పుడతాయి.

కలగాపులగమయ్యే మాటలు

ప్రచారాన్ని నిపుణులు మూడు రంగుల్లో చెబుతారు. పంపినవాడు తన పేరు దాచకుండా చెప్పేది తెల్ల ప్రచారం. ఎవరు పంపారో తేల్చి చెప్పనిది బూడిదరంగు. శత్రువు పేరుతోనే దొంగచాటుగా పుట్టించేది నల్ల ప్రచారం. అభయపత్రం తప్పనిసరిగా తెల్లదే కావాలి. ఎవరు హామీ ఇస్తున్నారో తెలియని హామీకి విలువ ఉండదు.

లొంగుబాటు వేరు, ఫిరాయింపు వేరు. లొంగిపోయినవాడు యుద్ధఖైదీ అవుతాడు. ఫిరాయించినవాడు అవతలి పక్షాన చేరతాడు. "రేపు మీ ఊరి మీద బాంబులు పడతాయి, ఖాళీ చేయండి" అని పౌరుల మీద వేసే కాగితాలు మరో కోవకు చెందుతాయి.

తెలుగు రాష్ట్రాల్లో లొంగుబాటు అనగానే మావోయిస్టుల కోసం పోలీసులు వేసే పోస్టర్లు గుర్తొస్తాయి. అక్కడ వర్తించేది దేశీయ చట్టం, ప్రభుత్వ పునరావాస విధానం, తలమీద ప్రకటించిన రివార్డు. దేశాల మధ్య యుద్ధంలో లొంగినవాడికి వర్తించేది జెనీవా ఒప్పందం. ఈ వ్యాసం ఆ రెండో రకం గురించి.

పాస్ లేకపోయినా లొంగవచ్చు

అభయపత్రం కొత్త హక్కు ఏదీ పుట్టించదు. ఆయుధం కింద పెట్టి లొంగిపోయిన శత్రువును చంపడం, గాయపరచడం నిషిద్ధమని 1907 హేగ్ నిబంధనల 23వ అధికరణం ఎప్పుడో చెప్పింది. ఎవరినీ ప్రాణాలతో వదలబోమని ప్రకటించడం కూడా అదే అధికరణం ప్రకారం నిషిద్ధం. 1949 మూడో జెనీవా ఒప్పందం యుద్ధఖైదీకి మానవోచితమైన నడత, తిండి, వైద్యం, యుద్ధం ముగిశాక స్వదేశానికి పంపడం తప్పనిసరి చేసింది. చేతిలో కరపత్రం ఉన్నా, తెల్ల గుడ్డ ఉన్నా, ఏమీ లేకపోయినా రక్షణ ఒకటే. కరపత్రం చేసేదల్లా ఆ హక్కు ఉందని సైనికుడికి తెలియజేయడం, చేతిలో ఒక గుర్తు పెట్టడం.

ఇటువైపూ ఒక నిషేధం ఉంది. లొంగిపోతున్నట్టు నటించి దగ్గరికొచ్చి కాల్చడం జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన అదనపు ప్రోటోకాల్ 37వ అధికరణం నిషేధించిన నమ్మకద్రోహం. అలాంటి మోసం ఒక్కటి జరిగినా ఆ తర్వాత నిజంగా చేతులెత్తినవాళ్లనూ కాపలా సిపాయి అనుమానంతోనే చూస్తాడు.

కరపత్రాలు వేయడమే నేరమన్న వాదన కూడా ఒకప్పుడు నడిచింది. 1917లో జర్మన్ వరుసల మీద కరపత్రాలు వేసి పట్టుబడ్డ ఇద్దరు బ్రిటిష్ వైమానికులకు జర్మన్ కోర్టు పదేళ్ల కఠిన శిక్ష వేసింది. ప్రతీకారం తప్పదని బ్రిటన్ హెచ్చరించాక వాళ్లను మామూలు ఖైదీల్లోకి మార్చారు. అయినా బ్రిటన్ విమానాలు మానేసి కాగితపు బెలూన్లకు మళ్లింది. హైడ్రోజన్ నింపిన బెలూన్‌కు నెమ్మదిగా కాలే వత్తి కట్టి, వత్తి పొడవునా కరపత్రాల కట్టలు వేలాడదీసేవారు. నిప్పు చేరిన కొద్దీ ఒక్కో కట్ట ఊడి పడేది. పశ్చిమ రంగంలో గాలి ఎక్కువగా పడమటి నుంచి తూర్పుకు వీచడం వాళ్లకు కలిసొచ్చింది.

గాలి లెక్క

కరపత్రం అచ్చువేయడం కన్నా అనుకున్న కందకంలో పడేలా చూడడం కష్టం. ఇందుకోసం బాగా వాడుకలోకి వచ్చిన కొలత 6 అంగుళాల పొడవు, 3 అంగుళాల వెడల్పు. ఈ కొలతలో కాగితం తన పొడుగు ఇరుసు చుట్టూ గిరగిరా తిరుగుతూ ఒకే తీరుగా దిగుతుంది కాబట్టి ఎక్కడ పడుతుందో లెక్కవేయవచ్చు.

లెక్క ఇలా ఉంటుంది. కాగితం సెకనుకు రెండున్నర అడుగులు దిగుతుందనుకుందాం. గాలి వేగం గంటకు 18 కిలోమీటర్లు. విమానం 10,000 అడుగుల ఎత్తులో కట్టలు విప్పితే కాగితం నేలకు చేరడానికి 4,000 సెకన్లు, అంటే 67 నిమిషాలు పడుతుంది. ఈలోగా అది 20 కిలోమీటర్లు కొట్టుకుపోతుంది. జర్మన్ దళానికి రాసిన కాగితం పక్క జిల్లా రైతు పొలంలో పడుతుంది. అదే 1,500 అడుగుల్లో విచ్చుకుంటే 10 నిమిషాల్లో దిగుతుంది, కొట్టుకుపోయేది 3 కిలోమీటర్లే.

కానీ అంత కిందికి వచ్చిన బాంబర్‌ను విమాన విధ్వంసక ఫిరంగులు వదలవు. దీనికి దారి చూపినవాడు అమెరికన్ వైమానిక దళ కెప్టెన్ జేమ్స్ మన్రో. మైనం పట్టించిన దళసరి కాగితంతో 5 అడుగుల పొడవు, అడుగున్నర వ్యాసం ఉన్న గొట్టం చేసి, అందులో 80,000 కరపత్రాలు కూరి, ఫ్యూజు బిగించాడు. విమానం ఎంత ఎత్తునుంచి వదిలినా గొట్టం నేలకు వెయ్యి, రెండు వేల అడుగుల ఎత్తులో పగిలేది. 1944 నుంచి ఇంగ్లండ్‌లోని చెల్వెస్టన్ స్థావరంలోని రాత్రిపూట కరపత్రాల దళం బీ-17 బాంబర్ విమానాల్లో దీన్ని వాడింది. ఒక బాంబు దాదాపు చదరపు మైలు, అంటే 26 లక్షల చదరపు మీటర్ల మేర చల్లేది. 80,000తో భాగిస్తే 32 చదరపు మీటర్లకు ఒకటి. కందకంలో ఎటు నాలుగడుగులు వేసినా ఒకటి కనబడుతుంది.

ఇంకా దగ్గర్లో ఉన్న దళం కోసం పొగ గుండ్ల లోపలి సరుకు తీసేసి, చుట్టిన కరపత్రాలు పెట్టి ఫిరంగితో కాల్చేవారు. గుండుకు కొన్ని వందలే పడతాయి గానీ గురి తప్పదు. తడిస్తే అంటుకుపోవడం, బిగుతుగా చుట్టిన కట్ట విడిపోకుండా ఇటుకలా పడడం ఎప్పుడూ ఉన్న ఇబ్బందులే. 2009లో అఫ్ఘానిస్తాన్‌లోని హెల్మండ్‌లో బ్రిటిష్ విమానం వేసిన కరపత్రాల పెట్టె గాలిలో తెరుచుకోక ఒక బాలిక మీద పడింది. ఆ పిల్ల ప్రాణం పోయింది.

చదివేవాడి కళ్లతో

లొంగమని చెబితే సరిపోదు, ఎలా లొంగాలో చెప్పాలి. 1991 గల్ఫ్ యుద్ధంలో అమెరికా నాయకత్వంలోని సంకీర్ణ సేనలు ఇరాకీ సైనికులకు వేసిన పత్రాల మీద ఈ క్రమం ఉండేది: తుపాకీ నుంచి మ్యాగజీన్ తీసేయి, గొట్టం కిందికి ఉండేలా ఎడమ భుజాన తగిలించుకో, రెండు చేతులూ తలపైకి ఎత్తు, నెమ్మదిగా నడిచి రా, గుంపుగా వస్తే ముందున్నవాడు ఈ కాగితాన్ని తలపైన పట్టుకోవాలి. ప్రతి అంశమూ కాపలా సిపాయి భయాన్ని ఒక మెట్టు తగ్గించేదే. పసిఫిక్‌లో జపాన్ సైనికులకైతే గోచీ తప్ప అన్నీ విప్పేసి రమ్మని రాశారు. గ్రెనేడ్ దాచుకోలేదని దూరం నుంచే తెలియాలి కదా.

గల్ఫ్ కరపత్రాలను ముందుగా ఇరాకీ ఖైదీలకు చూపించి తప్పులు దిద్దుకున్నారు. బొమ్మల్లో తలపైన గీసిన ఆలోచనల బుడగలు వాళ్లకు అర్థం కాలేదు. ఎర్ర రంగు ప్రమాదాన్ని సూచిస్తుందన్నారు. భోజనం బొమ్మలోని పండ్లలో అరటిపళ్లు ఉంటే బాగుంటుందన్నారు, వాళ్లకవి అపురూపం. సంకీర్ణ సైనికుడికి గడ్డం గీస్తే నమ్మకంగా కనిపిస్తాడన్నారు. ఇలా అడిగి తెలుసుకోకపోతే ఏమవుతుందో 2017లో అఫ్ఘానిస్తాన్‌లోని పర్వాన్‌లో తెలిసింది. ఇస్లాం విశ్వాస ప్రకటన అయిన పవిత్ర కలిమా ఉన్న తాలిబన్ జెండాను కుక్క బొమ్మ మీద అచ్చువేసి అమెరికన్ సేనలు కరపత్రం వేశాయి. స్నేహితులనుకున్నవాళ్లూ మండిపడ్డారు, అమెరికన్ జనరల్ బహిరంగంగా క్షమాపణ చెప్పాడు.

గేలిచేసే కాగితం కూడా పనికిరాదు. 1944లో ఇటలీలోని ఆంజియో దగ్గర జర్మన్లు, "నువ్విక్కడ చస్తుంటే ఇంటిదగ్గర నీ ప్రియురాలు మరొకడితో ఉంది" అంటూ అర్ధనగ్న చిత్రాలు వేశారు. అమెరికన్ సైనికులు వాటిని సరదాగా పోగుచేసుకున్నారు.

రెండువైపులా అడ్డుగోడలు

కాగితం నమ్మినవాడికి మొదటి గండం సొంత సైన్యమే. శత్రు కరపత్రం పై అధికారికి అప్పగించకుండా జేబులో దాచుకోవడం జర్మన్ సైన్యంలో శిక్షార్హం. సోవియట్ యూనియన్‌లో 1941 ఆగస్టులో స్టాలిన్ ఇచ్చిన 270వ నంబరు ఉత్తర్వు లొంగిపోయిన కమాండర్ల కుటుంబాలను అరెస్టు చేయమంది. జపాన్ సైన్యం 1941లో విడుదల చేసిన ప్రవర్తనా నియమావళి ఖైదీగా బతకడమనే సిగ్గును భరించవద్దంది.

రెండో గండం కరపత్రం వేసిన సైన్యం నుంచి వస్తుంది. తూర్పు రంగంలో జర్మన్లు సోవియట్ సైనికుల మీద కుప్పలుతెప్పలుగా పాసులు వేశారు. ఒకే పాస్ మీద ఎంతమందైనా రావచ్చని రాశారు. 1941లో లక్షల మంది చిక్కారు కూడా. ఆ తర్వాత జర్మన్ శిబిరాల్లో జరిగింది చరిత్రలోని ఘోరాల్లో ఒకటి. మొత్తం 57 లక్షల సోవియట్ ఖైదీల్లో దాదాపు 33 లక్షల మంది ఆకలితో, చలితో, జబ్బులతో, కాల్పుల్లో చనిపోయారు. తప్పించుకొచ్చినవాళ్ల నోట ఆ సంగతి ముందు వరుసకు చేరాక, ఎంత అందంగా అచ్చేసినా ఆ పాస్‌ను నమ్మడానికి కారణం మిగల్లేదు.

పసిఫిక్‌లో అమెరికన్లకు ఎదురైన చిక్కు కూడా ఇదే. జపాన్ సైనికుల మీద ఆగ్రహంతో, మోసపోతామన్న భయంతో, లొంగినవాళ్లను కాల్చేసిన ఉదంతాలు పెరిగాయి. ప్రచార విభాగం కొత్త కరపత్రం రాయడంతో పాటు సొంత సైనికులకు నచ్చజెప్పే పని కూడా పెట్టుకోవాల్సివచ్చింది. ప్రాణాలతో ఖైదీని తెస్తే ఐస్‌క్రీమ్, మూడు రోజుల సెలవు అని ఆశ చూపిన సందర్భాలున్నాయి. కరపత్రం మీద "నేను లొంగిపోతున్నాను" బదులు "నేను ప్రతిఘటన మానేస్తున్నాను" అని మార్చారు, జపాన్ సైనికుడికి కాస్త పరువు మిగిలేలా. జపాన్ దీవి ఒకినావాలో ఫలితం కనబడింది. అమెరికన్ సైన్యపు అధికారిక చరిత్ర ప్రకారం మొదటి 70 రోజులు సగటున రోజుకు నలుగురు కూడా దొరకలేదు. 1945 జూన్ 12 నుంచి 18 వరకు రోజుకు 50 మందికి పైగా, జూన్ 19న ఒక్కరోజే 343 మంది వచ్చారు. అప్పటికి వాళ్ల వెనక మిగిలింది సముద్రమే.

భారతీయ సిపాయిలకు వేసినవి, భారత్ వేసినవి

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్, బెల్జియం కందకాల్లోని భారతీయ సిపాయిల మీద జర్మన్లు హిందీ, ఉర్దూ కరపత్రాలు వేశారు. ఆ ప్రచారం వెనక బెర్లిన్‌లోని భారత స్వాతంత్ర్య కమిటీ ఉంది. దాన్ని నడిపినవారిలో ముఖ్యుడు హైదరాబాద్‌లో పుట్టిన వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ, సరోజినీ నాయుడు తమ్ముడు. 1915 మార్చిలో జమాదార్ మీర్ మస్త్ కొందరు తోటి అఫ్రిదీ తెగ పఠాన్లతో జర్మన్ల వైపు వెళ్లిపోయాడు. మరుసటి నెలలోనే అతని సోదరుడు మీర్ దస్త్ బెల్జియంలోని ఈప్ర దగ్గర బ్రిటిష్ సైన్యం తరఫున విక్టోరియా క్రాస్ గెలుచుకున్నాడు. ప్రచారమే మనిషిని నడిపిస్తుందనుకునేవారు ఈ అన్నదమ్ములను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

1971 డిసెంబరులో పాత్ర మారింది. తూర్పు పాకిస్తాన్‌లోని పాక్ సేనలను లొంగిపొమ్మని భారత సైన్యాధిపతి జనరల్ మానెక్‌షా రేడియోలో పదేపదే ప్రకటించారు, విమానాల నుంచి కరపత్రాలు వేయించారు. ఆ సైనికుల భయమేమిటో ఆయనకు బాగా తెలుసు. భారత సైన్యం కన్నా వాళ్లు బంగ్లాదేశ్ విమోచన పోరాట దళమైన ముక్తివాహిని ప్రతీకారానికి ఎక్కువ బెదిరారు. అందుకే లొంగినవాళ్లకు గౌరవం, గాయపడ్డవాళ్లకు వైద్యం, అందరికీ జెనీవా ఒప్పందం ప్రకారం రక్షణ అని స్పష్టంగా హామీ ఇచ్చారు. డిసెంబరు 15 సాయంత్రం 5 గంటల నుంచి మర్నాడు ఉదయం 9 దాకా ఢాకా మీద వైమానిక దాడులు ఆపించడం ఆ మాటకు బయానా. 16న దాదాపు 93,000 మంది ఖైదీలయ్యారు. భారత్ వాళ్లను శిబిరాల్లో ఉంచి 1974 నాటికల్లా తిప్పిపంపింది.

అయితే అదే యుద్ధంలో జమాల్‌పూర్ ఉదంతం కూడా ఉంది. లొంగిపొమ్మని బ్రిగేడియర్ హర్‌దిత్ సింగ్ క్లేర్ పంపిన ఉత్తరానికి అక్కడి పాక్ కమాండర్ లెఫ్టినెంట్ కల్నల్ సుల్తాన్ జవాబు రాసి, దాంతోపాటు ఒక తూటా పంపాడు. ఈసారి చేతిలో కలం బదులు స్టెన్‌గన్‌తో కలుసుకుందామని దాని భావం. డిసెంబరు 10 రాత్రి చుట్టివేతను ఛేదించుకుని బయటపడబోయిన ఆ దళం భారీగా దెబ్బతింది. డిసెంబరు 11న జమాల్‌పూర్ భారత్ చేతికొచ్చింది. ఉత్తరానికి లొంగని చోట కాల్పులకు లొంగారన్నది ఒక వ్యాఖ్యానం. ఆ దెబ్బ తిన్నాకే మిగతాచోట్ల మానెక్‌షా మాటలకు బరువొచ్చిందన్నది మరొకటి. నాకు రెండోదే ఎక్కువ సబబుగా తోస్తుంది.

పనిచేసిందని ఎలా తేల్చాలి?

గల్ఫ్ యుద్ధంలో 2 కోట్ల 90 లక్షల కరపత్రాలు వేశారు, దాదాపు 87,000 మంది ఇరాకీలు పట్టుబడ్డారు. ఖైదీల్లో 98 శాతం వాటిని చూశారని, 88 శాతం నమ్మారని, 70 శాతం తమ నిర్ణయం మీద వాటి ప్రభావం ఉందన్నారని అమెరికన్ సైన్యం లెక్కలు చెబుతుంది. ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. అడిగినవాడు బంధించినవాడే, జవాబిచ్చినవాడు ఖైదీ. చనిపోయినవాళ్లను, పారిపోయినవాళ్లను ఎవరూ అడగలేదు. పైగా ఆ సైనికులు వారాల తరబడి బాంబుల కింద, తిండి సరిగా అందక ఉన్నారు. "రేపు మీ డివిజన్ మీద బాంబులు పడతాయి" అని పేరుపెట్టి కాగితం వేసి, అన్నంత పనీ చేసేవారు. అక్కడ కాగితాన్నీ బాంబునీ విడదీసి చూడలేం.

వియత్నాంలో కమ్యూనిస్టు గెరిల్లాలను తమవైపు రప్పించే చియూ హోయ్ పథకం కింద ఏడు దేశాల జెండాలున్న పాస్‌లు వేసి, లక్షన్నరకు పైగా జనం వచ్చారని ప్రకటించారు. వాళ్లలో ఎందరు నిజమైన పోరాటయోధులన్నది అప్పుడే వివాదమైంది. కొరియాలో 1953 ఏప్రిల్‌లో సోవియట్ తయారీ మిగ్-15 యుద్ధవిమానాన్ని తెచ్చిన మొదటి పైలట్‌కు లక్ష డాలర్లు ఇస్తామని కరపత్రాలు వేశారు. సెప్టెంబరు 21న నో కుమ్ సోక్ అనే ఉత్తర కొరియా పైలట్ విమానంతో దక్షిణ కొరియాలోని కింపోలో దిగాడు. ఆ బహుమతి సంగతే తనకు తెలియదన్నాడు.

1948లో అమెరికన్ సామాజిక శాస్త్రవేత్తలు ఎడ్వర్డ్ షిల్స్, మోరిస్ జానోవిట్జ్ జర్మన్ ఖైదీల మీద చేసిన అధ్యయనం ఇప్పటికీ ఈ చర్చకు ఆధారం. సైనికుణ్ని పట్టి ఉంచేది సిద్ధాంతం కన్నా పక్కనున్న నలుగురు తోటి సైనికులు, తిండి పెట్టే సార్జెంటు అని వాళ్లు తేల్చారు. ఆ చిన్న గుంపు నిలిచినంత కాలం హిట్లర్‌ను తిట్టే కరపత్రాలు పెద్దగా పనిచేయలేదు. గుంపు చెదిరి, ఆహారం ఆగి, ప్రాణం గురించి ఆలోచించే తీరిక దొరికినప్పుడే అభయపత్రం పనికొచ్చింది. దీన్ని విమర్శించినవారు, నాజీ సిద్ధాంతం పట్టును, సొంత సైన్యం వేసే మరణశిక్షల భయాన్ని ఈ వాదన తక్కువ చేసిందన్నారు. ఆ విమర్శలో బలముంది. కానీ కరపత్రం విషయంలో రెండు వాదాలూ ఒకే చోటికి వస్తాయి: ఇంకా పోరాడగలననుకునేవాడిని కాగితం మార్చదు.

డ్రోన్ తెచ్చిన కొత్త చిక్కు

2022 సెప్టెంబరులో ఉక్రెయిన్ 'నాకు బతకాలనుంది' అనే పేరుతో హాట్‌లైన్, చాట్‌బాట్ తెరిచింది. దాచుకోవాల్సిన కాగితం పోయి, అడగగలిగిన ప్రశ్న వచ్చింది. ఆ ఏడాది చివర్లో డ్రోన్‌కు లొంగడం ఎలాగో వీడియో విడుదల చేసింది. చేతులెత్తి డ్రోన్ వెంట నడవాలి, బ్యాటరీ అయిపోయి అది వెళ్లిపోతే మరొకటి వచ్చేదాకా ఉన్నచోటే ఆగాలి. 2023 మేలో బఖ్‌ముత్ దగ్గర కందకంలో ఒంటరిగా మిగిలిన ఒక రష్యన్ సైనికుడు డ్రోన్‌కు సైగలు చేశాడు. బాంబు బదులు "వెంట రా" అన్న చీటీ జారవిడిచారు. అతను వస్తుంటే రష్యన్ వైపు నుంచే అతని మీద కాల్పులు జరిగాయి. అయినా దాటి వచ్చాడు.

న్యాయనిపుణుల మధ్య తెగని తగాదా ఇక్కడ మొదలవుతుంది. లొంగే ఉద్దేశం స్పష్టంగా చూపినవాడి మీద దాడి చేయకూడదని 1977 ప్రోటోకాల్ 41వ అధికరణం అంటుంది. అలా చూపితే చాలు, ఎదురుగా ఉన్నది మనిషైనా యంత్రమైనా రక్షణ వర్తిస్తుందని ఒక పక్షం. లొంగుబాటు అంటే బందీ కావడం, పట్టుకోలేని ఆయుధానికి చేతులెత్తి ఆ తర్వాత తుపాకీ తీసుకునేవాడిని ఆపేదెవరని రెండో పక్షం. విమానం, హెలికాప్టర్ల కాలం నుంచీ ఉన్న ప్రశ్నే ఇది. కాకపోతే డ్రోన్ కింద నిలబడ్డవాడి ముఖం, అతని చేతుల వణుకు ఇప్పుడు ఆపరేటర్‌కు తెరమీద కనబడుతున్నాయి. ఉద్దేశం కనిపించలేదన్న సాకు అతనికి లేదన్నది మొదటి పక్షం చేస్తున్న గట్టి వాదన.